నారు పోసినవాడు నీరు పోయకపోతే?

మన ఇళ్లలో పిల్లల ఆట గురించి మాటొస్తే ముందు అడిగేది ఒక్కటే... ‘సెలక్టయ్యాడా?’ అయ్యాడంటే స్వీట్లు, వాట్సాప్ స్టేటస్, లోకల్ పేపర్లో ఫొటో. కాలేదంటే ‘సర్లే, ఇక చదువు చూసుకో’. ఈ రెండింటికీ మధ్య మూడో మాట ఉండదు. సెలక్టయిన పిల్లాడికి ఆ తర్వాత ఎవరు ఏం నేర్పారో ఎవరూ అడగరు. కానివాడికి ఏం నేర్పి ఉంటే అయ్యేవాడో అసలే అడగరు.

‘నారు పోసినవాడు నీరు పోయడా’ అంటారు మన పెద్దవాళ్లు. దేవుడి విషయంలో అది నిజమేమో నాకు తెలీదు. ఆటల్లో మాత్రం నారు ఏరేవాడు వేరు, నీరు పెట్టేవాడు వేరు. చాలాసార్లు వాళ్లిద్దరికీ పరిచయం కూడా ఉండదు.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మాది దివిసీమలో కాలువ చివరి ఊరు. పదమూడేళ్లకే నేను తాటిచెట్టులా పెరిగాను. స్కూల్ మైదానంలో వాలీబాల్ సెలక్షన్ జరిగితే, వచ్చిన సారు నా ఆట చూడకముందే ‘నువ్వు ఇటు నిలబడు’ అన్నారు. అలా మూడేళ్లలో మూడుసార్లు సెలక్టయ్యాను. మూడు సర్టిఫికెట్లు వచ్చాయి. మా అమ్మ వాటికి లామినేషన్ చేయించింది.

ఆ మూడేళ్లలో నాకు స్మాష్ కొట్టేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆలస్యమవుతోందో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. క్యాంపుకి వెళ్తే ఎత్తు, బరువు రాసుకునేవారు, మాలో మాకే మ్యాచులు పెట్టేవారు, సాయంత్రం అరటిపండు, గుడ్డు ఇచ్చేవారు. పదహారేళ్లు వచ్చేసరికి మిగతా పిల్లలూ నా ఎత్తుకు వచ్చేశారు. నా దగ్గరున్నది ఎత్తొక్కటే. అది అందరికీ వచ్చాక నా అవసరం తీరిపోయింది. నన్ను ఏరారు, కానీ పెంచలేదు.

ఇదంతా మళ్లీ తలకెక్కడానికి కారణం మా మేనల్లుడు.

ఆరు బంతుల్లో తీర్పు

వాడికి పదమూడేళ్లు. ఎడమచేతి స్పిన్నర్. వయసుకు తగ్గ ఎత్తు కూడా లేడు. కిందటేడు ఒక ట్రయల్స్‌కి మా బావ వాణ్ణి తెల్లారుజామున బండి మీద తీసుకెళ్లాడు. వందల మంది పిల్లలు. ఒక్కొక్కరికి నెట్స్‌లో ఆరు బంతులు. మా వాడి చేతికి కొత్త బంతి వచ్చింది. మొదటి రెండూ జారిపోయాయి. మూడోది బాగా తిరిగింది, అప్పటికి చూసే ఆయన తల దించి కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. మధ్యాహ్నానికి లిస్టు వచ్చింది. పేరు లేదు.

సెలక్టర్ని నేను తప్పుపట్టను. అన్ని వందల మందిని ఒక్క పూటలో చూడమంటే ఎవరైనా ఏం చేస్తారు? బాధల్లా ఏంటంటే, ఆ ఆరు బంతుల తీర్పును మా ఇంట్లో పిల్లాడి జాతకంగా చదివేశారు. ‘ఇక చాల్లే బావా, వీడికి రాసిపెట్టి లేదు’ అన్నాడు మా బావ. అదే రోజు గేటు బయట ఒకాయన ఆయన చేతిలో కార్డు పెట్టి వెళ్లాడట. ‘మా అకాడమీలో ఏడాది ఫీజు కట్టండి, వచ్చే ఏడు సెలక్షన్ గ్యారంటీ’ అని. ఆ ఫీజు, మా బావకు ఎకరం మీద ఏడాదంతా మిగిలేదానికంటే ఎక్కువ. అయినా ఆ కార్డు పారేయలేదు, చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు.

ఆట మానిపించాలా, అప్పు చేసి ఆ ఫీజు కట్టాలా? మా అక్క నాకు ఫోన్ చేసి అడిగింది ఈ రెండే. మూడోది ఒకటుందని చెప్పడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

అమెరికా వాళ్ల ‘పొలం’

ఈ తేడాను వ్యాపారంలా పట్టించుకున్న ఆట బేస్‌బాల్. అక్కడ ప్రతి పెద్ద క్లబ్బులోనూ రెండు వేర్వేరు విభాగాలు ఉంటాయి. ఒకటి స్కౌటింగ్. అంటే ఊరూరా తిరిగి కుర్రాళ్లను వెతికేవాళ్లు. రెండోది ప్లేయర్ డెవలప్‌మెంట్. అంటే తెచ్చినవాళ్లను తయారుచేసేవాళ్లు.

అక్కడి స్కౌట్లు కుర్రాడి ఒక్కో నైపుణ్యానికి 20 నుంచి 80 మధ్య మార్కులు వేస్తారు. నాకు నచ్చింది ఆ మార్కులు కాదు. ఒక్కో నైపుణ్యానికి రెండేసి అంకెలు రాస్తారు. ఒకటి ఇవాళ ఎలా ఉన్నాడన్నది, ఇంకోటి రేపు ఎలా అవ్వగలడన్నది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే డెవలప్‌మెంట్ వాళ్ల పని. మన ట్రయల్స్‌లో ఒకే అంకె ఉంటుంది. అది ఇవాళ్టిది.

ఆ దూరం దాటించడానికి అక్కడ కింది స్థాయి లీగులు ఉంటాయి. రూకీ లీగు నుంచి సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ దాకా మెట్లు మెట్లుగా. ఈ ఏర్పాటు మొత్తానికి వాళ్లు పెట్టుకున్న పేరేంటో తెలుసా? ‘ఫార్మ్ సిస్టమ్’. అంటే పొలం! 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ క్లబ్బులో బ్రాంచ్ రికీ అనే ఆయన దీన్ని పద్ధతిగా కట్టుకొచ్చాడు. తయారైన ఆటగాళ్లను కొనే స్తోమత లేక, పండించుకుందాం అనుకున్నాడు.

ఆ పొలంలో పండిన ఒక పంట మైక్ పియాజ్జా. 1988 డ్రాఫ్టులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఇతణ్ణి 62వ రౌండులో తీసుకుంది. అదీ ప్రతిభ చూసి కాదు, క్లబ్ మేనేజర్‌కి కుటుంబ స్నేహితుడి కొడుకని. అంటే స్కౌటింగ్ లెక్కల్లో అతను దాదాపు సున్నా. తర్వాత అతణ్ణి ఫస్ట్ బేస్ నుంచి క్యాచర్ స్థానానికి మార్చారు. ఆ పని నేర్చుకోవడానికి డొమినికన్ రిపబ్లిక్‌లోని అకాడమీకి వెళ్లాడు. 1993లో ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

దీనికి ఎదురు కథ మన దేశంలోనే ఉంది. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అని ఒక పోటీ పెట్టారు. ఎవడు బంతిని ఎక్కువ వేగంగా, గురిగా విసిరితే వాడిదే గెలుపు. ఉత్తరప్రదేశ్‌కి చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ దొరికారు. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లే, బేస్‌బాల్ ఆడి ఎరగరు. అమెరికాలో నెలల తరబడి శిక్షణ ఇచ్చాక పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లను తీసుకుంది. సినిమా కూడా వచ్చింది. కానీ ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగు దాకా చేరలేదు. చెయ్యి దొరికింది. పదేళ్ల వయసు నుంచి ఆడుతూ వచ్చే ఆట మాత్రం నెలల్లో దొరకలేదు.

మరి స్కౌటింగ్ దండగా?

కాదు. ఆ మాటంటే లింబా రామ్‌కి అన్యాయం చేసినట్టే. 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్లు రాజస్థాన్ గిరిజన పల్లెలకు వెళ్లి విలుకాళ్ల కోసం వెతికారు. వెదురు విల్లు పట్టుకుని తిరిగే ఆ కుర్రాడు అక్కడే కనపడ్డాడు. మరుసటి ఏడాదే సోల్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఎవరూ ఆ పల్లెకు వెళ్లకపోతే ఆ పేరు మనకు తెలిసేదే కాదు.

మన హకీంపేట స్పోర్ట్స్ స్కూలు చూడండి. నాలుగో తరగతిలో చేర్చుకోవడానికి ఏ ఆటా ఆడించరు. పరుగు, నిలబడి దూకే దూకుడు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, ఒంటి వంపు... ఇవి చూస్తారు. ఇప్పుడేం వచ్చు అని కాదు, ఏం వచ్చే వీలుంది అని వెతకడం. స్కౌటింగ్ అంటే అసలు ఇలా ఉండాలి.

చిక్కు ఎక్కడంటే, చిన్న వయసులో మన కన్ను మోసపోతుంది. కెనడాలో ఐస్ హాకీ మీద 1985లో వచ్చిన ఒక పరిశోధన ఈ సంగతి బయటపెట్టింది. అక్కడ వయసు లెక్కకు కటాఫ్ జనవరి 1. మేటి జట్ల లిస్టులు తీసి చూస్తే ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. జనవరిలో పుట్టినవాళ్లకు ప్రతిభ ఎక్కువని కాదు. డిసెంబర్ పిల్లాడికంటే పదకొండు నెలలు పెద్ద, అందుకే కాస్త పొడుగు, కాస్త బలం. కోచ్ దాన్నే టాలెంట్ అనుకుంటాడు, ఎక్కువ ఆడిస్తాడు. ఎక్కువ ఆడినవాడు నిజంగానే మెరుగవుతాడు. మన క్రికెట్‌లో అండర్-16 పిల్లలకు ఎముకల ఎక్స్‌రే తీసి వయసు చూస్తారు. దాంతో దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవచ్చు. కానీ నిజాయితీగా తొందరగా పెరిగినవాడికీ, నెమ్మదిగా పెరిగేవాడికీ మధ్య తేడాను అది సరిచేయలేదు. ఒకప్పటి నేనూ, ఇప్పటి మా మేనల్లుడూ ఆ తేడాకు చెరో చివర ఉన్నాం.

బెజవాడ చెప్పిన పాఠం

విజయవాడలో ఉంటూ ఈ విషయం మీద ఆలోచిస్తే విలువిద్య దగ్గర ఆగకుండా ఉండలేం. వెన్నం జ్యోతి సురేఖ మన ఊరి పిల్ల. అయిదేళ్లు నిండకముందే కృష్ణా నదిలో అయిదు కిలోమీటర్లు ఈది రికార్డు పుస్తకానికెక్కింది. అప్పుడు ఏ స్కౌట్ చూసినా ‘స్విమ్మర్’ అనే రాసుకునేవాడు. ఆమె విల్లు పట్టింది. 2014 ఆసియా క్రీడల్లో జట్టుతో కాంస్యం. 2018లో జట్టుతో రజతం. 2023లో హాంగ్‌జౌలో మూడు స్వర్ణాలు: వ్యక్తిగతం, జట్టు, మిక్స్‌డ్. కాంస్యం నుంచి స్వర్ణం దాకా తొమ్మిదేళ్లు. మనం స్టేటస్ పెట్టుకున్నది మూడు రోజులకి. ఆమె పెరిగింది మిగతా తొమ్మిదేళ్లలో.

ఈ ఊళ్లో విలువిద్య వేళ్లూనడం వెనక చెరుకూరి కుటుంబం ఉంది. కోచ్ లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అంతకుముందే ఆ ఇంటి ఆడపిల్ల ఓల్గా పోయింది. తండ్రి సత్యనారాయణ గారు మాత్రం కూతురి పేరు మీదున్న అకాడమీని ఆపలేదు. తర్వాత ఇదే ఊరి నుంచి బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లి, మిక్స్‌డ్ టీమ్‌లో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచాడు. పతకానికి ఒక్క అడుగు దూరం. ఇలాంటివి టాలెంట్ హంట్ పోస్టర్లతో రావు. పొద్దున్నే వచ్చి మైదానం తెరిచే మనిషి ఒకరుండాలి, ఏళ్ల తరబడి.

కోనేరు హంపిది ఇంకో దారి. గుడివాడలో పుట్టిన ఆ పిల్లను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. కనిపెట్టిందీ, నేర్పిందీ నాన్న అశోక్ గారే. కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వదిలి కూతురికి కోచ్ అయ్యారు. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. మొదటి గెలుపుకీ చివరి గెలుపుకీ మధ్య ఎన్నేళ్లో చూడండి.

కోచ్ అంటే ఉన్నదాన్ని పెంచేవాడే కాదు, దారి మళ్లించేవాడు కూడా. గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ మొదట డబుల్స్ మీదే ఉండేవాడు. గోపీచంద్ అతణ్ణి సింగిల్స్ వైపు తిప్పారు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు, 2018లో ప్రపంచ నంబర్ 1. అమలాపురం సాత్విక్‌నీ, ముంబై చిరాగ్ శెట్టినీ కలిపి ఆడించింది మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్. ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్లే, జోడీ ఎలా కుదురుతుందని వాళ్లకే అనుమానం. ఆ జోడీ 2023లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. విడివిడిగా చూసే స్కౌటింగ్ రిపోర్టులో ఈ జోడీ ఎక్కడా కనపడదు.

‘మరి నితీశ్ కుమార్ రెడ్డి? వాడు చిన్నప్పుడే దొరికాడుగా’ అంటారా? నిజమే. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేస్తే ఎవరి కళ్లకైనా పడతాడు. కానీ మెల్‌బోర్న్‌లో 114 కొట్టింది 2024 డిసెంబర్లో. ఆ ఏడేళ్లు ఖాళీగా గడవలేదు. ఉద్యోగం వదిలేసిన తండ్రి, అకాడమీ, రంజీ మ్యాచులు, 20 లక్షల ఐపీఎల్ కాంట్రాక్టుతో డగౌట్‌లో కూర్చున్న రోజులు... అన్నీ ఉన్నాయి ఆ మధ్యలో.

శివారు భూమి బాధ

మా డెల్టా వాళ్లకు దీన్ని పొలం భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. 1855లో కాటన్ దొర కాలం నాటి ఆనకట్ట, 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ. అన్ని కాలువలున్నా శివారు ఆయకట్టుకు నీళ్లు ఆఖర్న వస్తాయి. ఒక్కోసారి రావు. అదే విత్తనం, అదే నారు. బ్యారేజీ దగ్గర పండుతుంది, మా దగ్గర ఎండుతుంది. ఎండిన చేను చూసి విత్తనం మంచిది కాదని ఏ రైతూ అనడు. మరి పిల్లల విషయంలో ఎందుకంటాం?

మా బావకు నేను చెప్పింది ఇంతే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అయితే నీళ్లెక్కడున్నాయో చూద్దాం పద’ అన్నాడు.

రెండు ప్రశ్నలు

వరసగా కొన్ని ఆదివారాలు ఇద్దరం తిరిగాం. వెళ్లిన ప్రతిచోటా మావాడితో కాసేపు బౌలింగ్ వేయించి, రెండే ప్రశ్నలు అడిగాం. ‘వీడికి ఇప్పుడు ఏం రావట్లేదు? అది రావాలంటే మీరు ఏం చేయిస్తారు?’

మొదటి చోట గోడ నిండా ఫొటోలు చూపించారు. రెండో చోట ‘మా దగ్గర నుంచి ఇంతమంది సెలక్టయ్యారు’ అన్నారు. అంటే సెలక్టయ్యేవాళ్లను చేర్చుకున్నారా, చేరినవాళ్లను సెలక్టయ్యేలా చేశారా అని బావ అడిగాడు. సమాధానం రాలేదు. కార్డు ఇచ్చినాయన అయితే పిల్లాణ్ణి బౌలింగ్ వేయమనలేదు కూడా.

చివరికి ఒక చిన్న మైదానం. రెండే నెట్లు, అందులో ఒకటి చిరిగింది. అక్కడి కోచ్ మావాడితో నలభై బంతులు వేయించి అన్నాడు: ‘వేళ్లు బాగా తిరుగుతున్నాయి. కానీ ముందుకాలు పడేసరికి ఒళ్లు పక్కకి పడిపోతోంది. సరిచేయాలంటే మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ వీడు ఇప్పటికంటే ఘోరంగా వేస్తాడు. అప్పుడు కంగారుపడి తీసుకుపోతానంటే ఇప్పుడే చెప్పండి.’

అసలు తేడా నాకు పూర్తిగా అర్థమైంది ఆ మాటతోనే. సెలక్షన్ అనేది పిల్లాడు ఇవాళ బాగా ఆడాలని అడుగుతుంది. నేర్చుకోవడం అనేది కొన్నాళ్లు చెడగా ఆడే ధైర్యం అడుగుతుంది. ఏటా ట్రయల్స్, ఏటా లిస్టు, ఏటా ఫొటో ఉన్నచోట, చెడగా ఆడే ఆ మూడు నెలలు ఏ పిల్లాడికీ ఎవరూ ఇవ్వరు. అందుకే తప్పు యాక్షన్‌తోనే నెట్టుకొచ్చి, ఏదో ఒక వయసు దగ్గర ఆగిపోతారు. నాకూ ఎవరైనా ఆ మూడు నెలలు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఇవ్వలేదన్నది మాత్రం నిజం.

బావ ఆ కోచ్‌తో ‘తీసుకుపోం’ అన్నాడు. ఫీజు నెలకు ఎంతో ఆ తర్వాతే అడిగాడు.

ఇప్పుడు రెండో నెల నడుస్తోంది. కోచ్ చెప్పినట్టే మావాడు ఘోరంగా వేస్తున్నాడు. బంతి ఒకటి పిచ్ మధ్యలో పడుతుంది, ఇంకోటి నేరుగా బ్యాటర్ నడుముకు పోతుంది. ఊళ్లో పిల్లల జట్టులో చోటు కూడా పోయింది. మొన్న ఫోన్లో ‘మావయ్యా, పాత యాక్షనే బాగుందేమో’ అన్నాడు. వెనక నుంచి వాళ్ల నాన్న గొంతు వినపడింది: ‘ఇంకా నెలుందిరా. బూట్లు తీసుకో, టైమవుతోంది.’